వలల దొడ్డి, విదేశీ పాస్‌పోర్టు

ఎందుకు రాస్తున్నానంటే

ఇళ్ళకీ షాపులకీ అప్పులిచ్చే ఒక సంస్థ బందరు బ్రాంచిలో ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ మధ్య పాత ఆఫీసుకి వెళ్తే, కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఒక ఫైలు ముందు కూర్చుని తల పట్టుకున్నారు. కొనే మనిషిది గుడివాడ. ఉండేది కెనడాలో, పాస్‌పోర్టు కూడా ఆ దేశానిదే. కొనాలనుకుంటున్నవి బందరులో అద్దెకిచ్చే షాపులు. "మేడం, అడిగిన కాగితాలన్నీ ఉన్నాయి. ఇంకేం చూడాలి?" అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. టీ చల్లారిపోయింది గాని నా మాట పూర్తి కాలేదు. మిగిలింది రాసి ఇస్తానని వచ్చేశాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఓడరేవు పనులు మొదలైనప్పటి నుంచి, వేరే దేశాల పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళు ఇక్కడ అద్దెల కోసం కొనడం బాగా పెరిగింది. ఫైలులో అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. ఫైలు బయట ఏం జరిగిందో మాత్రం ఎవరూ రాసిపెట్టరు. ఒక కేసులో గునపాలు పట్టిన కూలీలకూ వలలు కుట్టే ఆడవాళ్ళకూ మధ్య నేను కొలత టేపు పట్టుకుని నిలబడవలసి వచ్చింది. ఆ సంగతి ఏ రిపోర్టులోనూ లేదు.

నా చదువు గురించి ఒక ముక్క. ఇంటర్ అయ్యాక టైపిస్టుగా చేరాను. తర్వాతదంతా గుడివాడ, బందరు గ్రంథాలయాల్లో కూర్చుని చదువుకున్నదే. ఆస్తి చట్టం, భూగోళం, చరిత్ర, ఏది దొరికితే అది చదివాను. పేరు పక్కన అక్షరాలు లేకపోయినా, చదివానని చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

కొనే మనిషి ఇక్కడ ఉండరు

విదేశీ పౌరులకు ఆస్తి మీద అప్పివ్వడంలో నియమాలు నిజానికి కష్టమైనవి కావు. మన మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉంటే ఇల్లు కొనవచ్చు, షాపులు కొనవచ్చు. పొలం, తోట కొనకూడదు. రికార్డుల్లో పొలంగా ఉన్న రొయ్యల చెరువుకూ అదే వర్తిస్తుంది. వాయిదాలు బయటి నుంచి పంపిన డబ్బుతోనో ఇక్కడి అద్దెతోనో, ఖాతా ద్వారానే కట్టాలి. ఇక్కడ తమ బదులు సంతకం పెట్టే మనిషికి పవర్ రాసిస్తే, దాన్ని అక్కడి మన రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి, ఇక్కడికి తెచ్చి స్టాంపు వేయించాలి. జీతం నిజమా కాదా అన్నది అక్కడి బ్యాంకు ఖాతాను బట్టి తేలుతుంది.

ఇవన్నీ ఒక వారంలో నేర్చుకోవచ్చు. నేర్చుకోలేనిది మనుషుల ధీమాకి జవాబు చెప్పడం. మొవ్వలో పుట్టి, విదేశంలో పెద్ద పేరు తెచ్చుకున్న ఒక డాక్టరుగారు వచ్చారు. ఊరి అంచున వరి పొలం కొని అందులో అద్దె ఇళ్ళు కట్టాలని ఆయన ఉద్దేశం.

"అది పొలం అండీ. మీ పాస్‌పోర్టు మీద కొనడానికి వీల్లేదు" అన్నాను.

"నేను మొవ్వవాణ్ణమ్మా! ఆ చేలో నీళ్ళు తిప్పినవాణ్ణి. నాకు వీల్లేదంటే ఎవరికి వీలుంది?"

"ఇప్పుడు ఆ చేలో నీళ్ళు తిప్పుతున్న ఆయనకి వీలుందండీ."

ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచి వెళ్ళిపోయారు. మా మేనేజరు రామ్మోహన్‌గారు గది తలుపు దగ్గర నిలబడి అంతా విన్నారు. "నిజమే చెప్పారు గాని, కాస్త మెత్తగా చెప్పొచ్చుగా" అన్నారు. అదీ నిజమే. పుట్టిన ఊళ్ళో 'నువ్వు విదేశీయుడివి' అని అనిపించుకోవడం మనిషికి ఎంత బాధో ఆ రోజు నాకు తట్టలేదు. కొత్తవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. నియమం మార్చలేం, గొంతు మార్చుకోగలం.

సలోమి ఫైలు

ఇక అసలు కేసు. సలోమిది నాగాయలంక దగ్గర పల్లె. చర్చి ఆవరణలోని బడిలో చదివి, నర్సు కోర్సు చేసి, ఐర్లాండు వెళ్ళి, కొన్నేళ్ళకు ఆ దేశ పౌరసత్వం తీసుకుంది. గిలకలదిండి హార్బరుకి దగ్గర్లో రెండంతస్తుల బిల్డింగు అమ్మకానికి వచ్చింది. కింద షాపులు, పైన అద్దె గదులు, వెనక విశాలమైన దొడ్డి. అమ్మేది గుడివాడ బియ్యం వ్యాపారి కోటేశ్వరరావుగారు. ఆయనకి ఇది మామగారి వైపు నుంచి వచ్చిన ఆస్తి. ఏడాదికి ఒకసారైనా ఇటు వచ్చేవారు కాదు.

మొదటి వీడియో కాల్‌లో ఎందుకు కొంటున్నారని అడిగాను. ఇది ప్రతి ఒక్కరినీ అడగాలి. సలోమి దాపరికం లేకుండా చెప్పింది.

"నైట్ డ్యూటీలు మానెయ్యాలి మేడం. ఆ అద్దె వాయిదాకి సరిపోతే, నా జీతంలో నైట్ అలవెన్సు లేకపోయినా బతగ్గలను. నా మోకాళ్ళు నాకంటే ముందే రిటైరయ్యేటట్టున్నాయి."

అప్పటికే తను దాచుకున్నదంతా బయానాగా ఇచ్చేసింది. చెప్పిన గడువులోగా రిజిస్ట్రేషను జరగకపోతే ఆ బయానా తిరిగి రాదని అగ్రిమెంటులో ఉంది. ఓడరేవు వస్తోందని ధరలు పెరుగుతున్న రోజులు. గడువు దాటితే బాగుండునని కోటేశ్వరరావుగారు లోలోపల అనుకుంటున్నారని నా అనుమానం. ఇంకో బేరం ఆయన గుమ్మం దగ్గరే ఉంది.

సలోమి పవర్ ఇచ్చింది వాళ్ళక్క భర్త ఇమ్మానియేలుకి. అవనిగడ్డలో టెంట్ హౌస్ నడిపే హుషారైన మనిషి. మరదలి పని ఆలస్యం కాకూడదని అన్నిటికీ ముందే పరిగెత్తేవాడు.

మా సంస్థ తరఫున ఆస్తులకి విలువ కట్టే పానెల్ వాల్యుయర్ స్థలం చూసి, ఫోటోలు తీసి రిపోర్టు ఇచ్చాడు. బిల్డింగు బాగుంది, వెనక ఖాళీ స్థలం ఉంది, అది కూడా ఇంటి స్థలమే, పొలం కాదు. స్థలానికి విలువ కలిపాడు. రామ్మోహన్‌గారు అప్పు ఖాయం చేస్తూ తన మామూలు షరతు ఒకటి పెట్టారు. యజమాని విదేశంలో ఉంటే, డబ్బు విడుదలకు ముందే స్థలం చుట్టూ ప్రహరీ కట్టాలి. ఆయన పనిచేసిన వెనకటి బ్రాంచిలో, ఇలాగే విదేశంలో ఉన్న ఒకాయన స్థలంలో ఎవరో పాకలు వేసి, ఆ అప్పు రామ్మోహన్‌గారి మెడకి చుట్టుకుంది. అందుకే ఆ షరతు. తప్పు పట్టడానికి లేదు.

గోడ పని మొదలయ్యాక కొలతలు సరిచూసి రావడం నా వంతు. అప్పటికి గడువు వారం కూడా లేదు.

దొడ్డి నిండా వలలు

నేను వెళ్ళేసరికి ఫోటోలో ఖాళీగా ఉన్న దొడ్డిలో అడుగు పెట్టడానికి చోటు లేదు. అవి వేట నిషేధం రోజులు. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలంలో బోట్లు వేటకు వెళ్ళకూడదు. బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, వలలన్నీ ఒడ్డుకు వస్తాయి. దొడ్డంతా నీలం, ఆకుపచ్చ వలల గుట్టలు. వాటి మధ్య ఆడవాళ్ళు కూర్చుని చిరుగులు కుడుతున్నారు. వాల్యుయర్ వచ్చింది బోట్లు వేటలో ఉన్నప్పుడు. ఆయన చూసింది ఖాళీ స్థలమే, రాసింది ఖాళీ స్థలమే. బందరులో ఆస్తికి విలువ కట్టేవాళ్ళు అందరూ చేయగల తప్పు ఇది. సముద్రం పక్కన స్థలాన్ని రెండు కాలాల్లో చూడాలి.

వలల చుట్టూ సున్నంతో గోడ గీతలు గీసి ఉన్నాయి. కోటేశ్వరరావుగారిని అడిగి ఇమ్మానియేలు గీయించినవి.

గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దావిడ నాగమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "చెప్పులు బయటిడిచి రా. ఎవరమ్మా నువ్వు, టేపు పట్టుకొచ్చావు? టైలరువా?"

"కాదండీ..."

"టైలరైతే మా కోడలి జాకెట్టుకి కొలతలు తీసుకో. ఒక్క టేపు చాలదు గాని."

అందరూ గొల్లుమన్నారు. నేను అప్పులిచ్చే ఆఫీసు నుంచి వచ్చానని చెప్పగానే ఆ నవ్వు కోసేసినట్టు ఆగిపోయింది.

"అయితే గోడ పెట్టిస్తోంది నువ్వేనన్నమాట" అంది నాగమ్మ.

అంతలో ఇమ్మానియేలు కూలీలను తీసుకుని వచ్చాడు. "అక్కా, లేవండి. ఎన్నిసార్లు చెప్పాలి? ఇది మా సలోమి కొంటున్న స్థలం. మీ వలలు అవతలికి లాక్కోండి."

"ఎవరా సలోమి? రమ్మను. వచ్చి ఈ వలల మీంచి నడవమను, చూస్తా."

"ఆవిడ ఐర్లాండులో ఉంది!"

"మా వలలు ఇక్కడున్నాయి!"

ఒక కూలీ సున్నం గీత మీద గునపం దించాడు. గీత మీద పరిచి ఉన్న వల అంచు గునపంతో పాటు మట్టిలోకి దిగి పర్రున చిరిగింది. ఆ చప్పుడుకి ఆడవాళ్ళంతా ఒక్కసారి లేచారు. కాలవలో కట్టేసిన బోట్ల మీంచి మగవాళ్ళు దూకి రావడం కనిపించింది. కూలీలు గునపాలు అడ్డంగా పట్టుకున్నారు. ఎవరైనా ఒక్క అడుగు ముందుకు వేస్తే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తలుచుకోవాలనిపించదు.

నేను గీతకి ఇటూ అటూ కాకుండా మధ్యలోకి వెళ్ళి, అందరికీ కనబడేలా టేపు చుట్టేశాను.

"నేను కొలవను. కొలత లేకపోతే రిపోర్టు లేదు. రిపోర్టు లేకపోతే అప్పు లేదు. అప్పు లేకపోతే గోడా లేదు. గునపాలు కింద పెట్టండి."

"మేడంగారూ, మీరు మా తరఫా, వాళ్ళ తరఫా?" ఇమ్మానియేలు ముఖం ఎర్రబడింది.

"నేను అప్పు తరఫు. ఇది మునగకూడదు. అంతే."

గునపాలు కిందికి దిగాయి. ఇమ్మానియేలు మాత్రం "గడువు దాటిపోతే మా మరదలికి మీరు చెప్పుకోండి" అని బండెక్కి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళలేదు. చిరిగిన వల పక్కనే కూర్చున్నాను. నాగమ్మ ఆ చిరుగు కుట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నేను పై గదుల వైపు చూస్తుంటే తనే అంది.

"ఆ చివరి గదిలో మా అల్లుడి బోటు డ్రైవరుంటాడు. పక్కది కాకినాడ నుంచొచ్చిన కళాసీలది. కింద షాపు మాకు నూలు, తాళ్ళు అమ్మేవాడిది. గది దిగితే వల, వల దాటితే బోటు. అందుకే ఇక్కడుంటారు. లేకపోతే ఈ ఉప్పుగాలిలో ఎవరుంటారమ్మా, టౌనులో గదుల్లేవా?"

ఆ మాటతో నాకు అసలు సంగతి అర్థమైంది. మేం చూసుకున్న అద్దెంతా ఈ దొడ్డి మీద ఆధారపడి ఉంది. ఆస్తిని కాపాడాలని మేం పెట్టిన గోడ కట్టిన రోజే గదులు ఖాళీ అవుతాయి. సలోమి వాయిదా ఆగుతుంది. నైట్ డ్యూటీలు మానడం సంగతి దేవుడెరుగు, వాటిని రెట్టింపు చేసినా సరిపోదు.

మేనేజరుగారి గదిలో

ముందు నేను నా గ్రంథాలయ జ్ఞానంతోనే మొదలుపెట్టాను. ఏళ్ళ తరబడి ఒక స్థలాన్ని అందరూ ఒక పనికి వాడుతుంటే వాళ్ళకి వాడుక హక్కు వస్తుందని, నేను చదివిన పేజీలతో సహా చెప్పాను.

"ఆ పుస్తకం రాసినాయన మనకి రికవరీ ఏజెంటుగా వస్తాడా?" అన్నారు రామ్మోహన్‌గారు.

మా పానెల్ లాయరుకి ఫోను చేశారు. లాయరు నవ్వి, "ఆవిడ చెప్పింది చట్టంలో ఉంది సార్. కోర్టులో తేలేసరికి ఆ బిల్డింగు ఉండదు, మనమూ ఉండం" అన్నాడు. పుస్తకం నాకు సమస్య పేరు చెప్పగలిగింది గాని దారి చూపలేదు. చదువు మీద నాకున్న గర్వానికి ఆ పూట కాస్త గాలి తీసినట్టయింది. మంచిదే.

అప్పుడు అద్దెదారుల సంగతి చెప్పాను. గది గదికీ ఎవరుంటున్నారో, ఎందుకుంటున్నారో. రామ్మోహన్‌గారు పెన్నుకి మూత పెట్టారు.

"అంటే నా షరతే మన అప్పుని ముంచుతుందంటారు."

"అవునండీ."

"రేపు నేనొస్తాను."

మర్నాడు ఆయన చెప్పులు విడిచి, వలల మధ్య ప్లాస్టిక్ బకెట్టు బోర్లించుకుని కూర్చుని ప్రతి అద్దెదారుడితోనూ మాట్లాడారు. చివరికి తేల్చింది ఇది. గోడ షరతు తీసేస్తారు. దానికి బదులు, దొడ్డిలో ఏమీ కట్టకుండా వలలకి వదిలెయ్యాలని రాసుకోవాలి. కట్టడానికి వీల్లేని స్థలానికి విలువ సున్నా. కాబట్టి అప్పు తగ్గుతుంది. ఆ తగ్గినదంతా సలోమి తన చేతి నుంచి తేవాలి, అదీ గడువులోగా.

సలోమికి కోపం వచ్చింది

దొడ్డిలో నుంచే వీడియో కాల్ చేశాం. ఇమ్మానియేలు కూడా వచ్చాడు. ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ ఉదయం. సలోమి అప్పుడే డ్యూటీ దిగి, యూనిఫారంలోనే ఉంది. నేను చెప్పిందంతా వింది.

"మేడం, ఇది అన్యాయం. రాత్రంతా వార్డులో నిలబడి సంపాదించిన డబ్బు. స్థలానికి ధర నేనివ్వాలి, వాడుకునేది వాళ్ళా? మీ వాల్యుయర్ తప్పుకి నేను కట్టాలా?"

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నాగమ్మ చెయ్యి చాచి నా ఫోను తీసుకుంది.

"ఏ ఊరమ్మా మీది?"

"నాగాయలంక దగ్గర పిన్నీ."

"మరి మీ నాగాయలంకలో వలలు ఎక్కడ పరుస్తారు, గాల్లోనా?"

"వలల సంగతి నాకు తెలుసు. అప్పు సంగతి కూడా తెలుసు. మీ వలలకి వాయిదా నేను కట్టాలా?"

"నువ్వెందుకు కడతావు? నీ గదులకి అద్దె మేం కడుతున్నాం. గోడ లేచిందంటే మావాడొక్కడూ ఈ మెట్లెక్కడు. ఆ తర్వాత వాయిదా ఎట్టా కడతావో నీ ఇష్టం."

"బెదిరిస్తున్నారా పిన్నీ?"

"ఉన్న మాట చెబుతున్నా. బెదిరించాలంటే మా కోడలుంది, దాన్ని పిలుస్తా."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సలోమి పెదవి కూడా కదిలింది గాని వెంటనే కళ్ళు తుడుచుకుంది. బోటు తాళ్ళు కిర్రుమంటున్నాయి.

"బావా, ఫోను వలల మీద తిప్పు" అంది. ఇమ్మానియేలు నాగమ్మ చేతిలోంచి ఫోను అందుకుని, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నెమ్మదిగా తిప్పి చూపించాడు. చిరిగిన చోటు దగ్గర ఆగమంది. "అది ఎలా చిరిగింది?"

ఇమ్మానియేలు ఫోను వేరే వైపు తిప్పాడు. నాగమ్మ చాడీ చెప్పే అవకాశం ఉండి కూడా చెప్పలేదు. అది నేను గమనించాను, సలోమీ గమనించింది.

"పనోళ్ళని ఇంటికి పంపెయ్ బావా. మేడం, తగ్గింది ఎంతో చెప్పండి. తేగలిగితే తెస్తాను. తేలేకపోతే బయానా పోయిందనుకుంటాను. గోడ మాత్రం కట్టించను."

చివరి రోజులు

కోటేశ్వరరావుగారిని ధర తగ్గించమని అడిగాం. "నా స్థలం సున్నా అని మీరెలా అంటారు? తగ్గించను. గడువు దాటితే బయానా నాది" అన్నారు. రెండు రోజులు అదే మాట. సలోమి అక్కడ తోటి నర్సులను అడుగుతోంది, వాళ్ళ క్రెడిట్ సొసైటీలో చిన్న అప్పుకి పెట్టింది. అయినా అందడం లేదు.

దారి వేసింది రామ్మోహన్‌గారు. గుడివాడ వెళ్ళి బియ్యం కొట్లో కూర్చుని, ఒక్కటే అడిగారు. "మీ రెండో బేరం మనిషి నగదుతో కొంటాడా, అప్పుతోనా?" అప్పుతోనే. "అయితే ఆయన అప్పుకి వెళ్ళే ప్రతి చోటి నుంచీ ఎవరో ఒకరు ఈ దొడ్డిలోకి టేపు పట్టుకుని వెళ్ళాలి. నిషేధం ముగిసేదాకా అక్కడ ఏం కనబడుతుందో మీకు తెలుసుగా. ముగిశాక కొన్నా, మళ్ళీ ఏడాది అదే కథ."

కోటేశ్వరరావుగారు పూర్తిగా దిగలేదు. తగ్గినదాంట్లో కొంత భాగం వదులుకున్నారు. మిగతాది సలోమి తెచ్చింది. గడువు చివరి రోజున రిజిస్ట్రారు ఆఫీసులో ఇమ్మానియేలు సంతకం పెట్టాడు. అంతకుముందు రోజు కొలతలకి వెళ్ళినప్పుడు టేపు రెండో కొస నాగమ్మ కోడలే పట్టుకుంది. "ఇప్పుడు జాకెట్టుకి కూడా తియ్యండి" అంది.

ఇది అందరూ గెలిచిన కథ కాదు. ఆ అదనపు అప్పు తీరేదాకా సలోమి ఇంకా కొన్నేళ్ళు రాత్రులు పనిచేసింది. ఎందుకు కొన్నానా అని తిట్టుకున్న రోజులూ ఉన్నాయని నాతోనే చెప్పింది. గదులు మాత్రం ఖాళీ పడలేదు, వాయిదా ఆగలేదు. కిందటేడు నైట్ డ్యూటీలు మానేసింది. చీకటి పడ్డాక ఏం చెయ్యాలో తోచక మొదటి వారమంతా ఇల్లు తుడిచిందట.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నా మాట ఇంతే. దూరంగా ఉన్న యజమాని కోసం మనం ఆఫీసులో ఒక షరతు రాస్తాం. అది ఇక్కడ ఎవరి నెత్తిన పడుతుందో వెళ్ళి చూడండి. పవర్ ఉన్న మనిషిని అడిగాక ఆగిపోకండి. అద్దె కట్టే మనిషిని కూడా అడగండి, ఎందుకు ఇక్కడే ఉంటున్నావని.

కృతజ్ఞతలు

తన షరతును తానే కొట్టేసిన రామ్మోహన్‌గారికి. చట్టం చెప్పి, దాని పరిమితి కూడా చెప్పిన లాయరు శ్రీనివాస్‌గారికి. మూసే వేళ దాటినా నన్ను లేవమనని గ్రంథాలయం అటెండరు మస్తాన్‌గారికి. చిరిగిన వల ఖరీదు, ఎవరూ అడగకముందే ఇచ్చి వచ్చిన ఇమ్మానియేలుకి. కొంతైనా దిగి వచ్చిన కోటేశ్వరరావుగారికి. నన్ను కూర్చోనిచ్చిన నాగమ్మగారికి, టేపు కొస పట్టుకున్న ఆమె కోడలు ధనలక్ష్మికి.

చివరిగా సలోమికి. ఇది రాస్తున్నానని, నీ పేరు పెట్టవచ్చా అని ఫోను చేసి అడిగాను. "పెట్టండి మేడం. కానీ నన్ను దేవతని చెయ్యకండి. కోప్పడ్డానని కూడా రాయండి" అంది.

రాశాను.